కట్ట దాటని గొర్రెలు

గొర్రెలు లారీ దిగుతుంటే నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ప్రార్థనలో తప్ప ఆయన టోపీ తీయగా నేను ఎప్పుడూ చూడలేదు. నల్ల ముక్కులు, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలు, మోకాళ్ళ మీద నల్ల పట్టీలు, తక్కిన ఒళ్ళంతా తెలుపు. తొంభై తల్లులు, వాటి వెనక తొక్కుకుంటూ తోసుకుంటూ పిల్లలు.

"చూశావా కైన్‌వెన్, అచ్చం అవే ముఖాలు," అన్నాడు అమ్మతో.

అమ్మ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ, "ముఖాలవే," అంది. అక్కడితో ఆగిపోయింది. ఒక్క మాటతో ఆగిపోవడం అమ్మకెంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అది రెండువేల రెండు, మే నెల. అంతకు ముందు ఏడు మా లోయలోకి గాలికుంటు జబ్బు వచ్చింది. మా మందలో ఒక్కదానికి నోరు పుండు కాలేదు, ఒక్క గిట్ట చెడలేదు. అయినా జబ్బు పడిన మందకు చుట్టుపక్కల ఉన్నవన్నిటినీ చంపేయాల్సిందేనని సర్కారు ఉత్తర్వు. మూడు వందల పన్నెండు, ఒక్క రోజులో. ఆ రోజు సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తను.

నేనప్పటికి ఆబరిస్ట్‌విత్‌లో పుస్తకాల దుకాణంలో పనిచేస్తున్నాను. కిటికీ తీస్తే సముద్రం. నేను పెళ్ళాడబోయే గెథిన్ ఆ ఊరివాడే. "మీ నాన్న మోకాళ్ళు సహకరించట్లేదే. కొత్త మంద కుదురుకునే దాకా ఉండి వెళ్ళు," అని అమ్మ ఫోన్ చేస్తే, ఒక్క వేసవే కదా అని వచ్చాను. "సెప్టెంబరు ఆఖర్న మిఖాయేలు పండక్కల్లా వచ్చెయ్. సముద్రం కనిపించే ఇల్లు చూసిపెడతా," అన్నాడు గెథిన్. నేను బట్టలు కూడా ఒక్క సంచీకి సరిపడానే తెచ్చుకున్నాను.

మా పొలం పేరు హావోద్. మా వైపు మనిషిని పొలం పేరుతోనే పిలుస్తారు కాబట్టి నాన్న టెగ్విన్ హావోద్, నేను లినెడ్ హావోద్. ఇంటి వెనక ఎత్తు ఎక్కితే కొండ వెన్ను, దాని మీద వెన్నుబాట. పూర్వం పశువుల్ని ఇంగ్లండు సంతలకు తోలుకుపోయిన బాట అది. ఆ బాటకు అడ్డంగా అక్కడక్కడా పాత మట్టికట్టలున్నాయి, పన్నెండు వందల ఏళ్ళ నాటివట. ఎవర్ని ఆపడానికి ఎవరు పోశారో చదువుకున్నవాళ్ళు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. మా మేత భూమికి తూర్పు హద్దు అలాంటి ఒక కట్ట. ఈ లోయ అంచు నుంచి ఆ లోయ అంచు దాకా ఉంటుంది. మనిషి ఎత్తు మట్టి, అవతల ఒక కందకం. గొర్రెకు అదొక అడ్డమా? మూడు అంగల్లో ఎక్కి దిగొచ్చు. దాని మీద కంచె వేయడానికి లేదు. పురాతన కట్టడం గనక ఒక్క గుంజ దించినా నేరం.

అయినా మా గొర్రెలు ఏనాడూ దాటలేదు. తల్లి దాటలేదు గనక పిల్ల దాటలేదు. ఆ తల్లి తల్లీ అంతే. మా భాషలో దీన్ని కనెవిన్ అంటాం. ఒక ప్రాణికి ఒక నేల తనదైపోవడం అన్నమాట. అది తల్లి వెనక తిరిగితే అబ్బుతుంది తప్ప సంతలో దొరకదు. మా కొండ మీద పాలు తాగే పిల్లకైనా తెలిసిన సంగతి ఇది. నలభై ఏళ్ళు మందలు కాచిన నాన్నకు తెలియదా? తెలుసు. కానీ ఎక్కడో దూరపు పల్లపు పొలాల్లో పెరిగిన మందను ముఖాలు చూసి కొన్నాడు. అంత బెంగ పెట్టుకున్న మనిషికి తెలివి ఎలా పనిచేస్తుంది చెప్పండి!

ఆ మధ్యాహ్నమే మందను కొండెక్కించాం. రెండు గంటలు కూడా కాలేదు. ఒక గొర్రె తాపీగా కట్ట ఎక్కింది. అవతల మా పొరుగావిడ ఎథెల్ స్వాన్‌కాట్ గారి టర్నిప్ చేను పచ్చగా కనిపించింది. దిగిపోయింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక పది, ఆ తర్వాత మందంతా, అక్కడ కట్ట అనేదే లేనట్టు.

మా కుక్క మోట్ నాన్న ముఖంలోకి చూస్తూ ఈల కోసం చెవులు నిక్కించుకు నిలబడింది. నాన్న ఈల వేయలేదు. చివరికి నేనే వేశాను. కుక్క వాటిని తిరగ్గొట్టి తెచ్చేసరికి నాన్న బాట దిగి ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఆ తర్వాత మూడు నెలల దాకా ఆయన కొండెక్కలేదు.

మర్నాడే స్వాన్‌కాట్ గారు కట్ట మీదికి వచ్చి నిలబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మగవాళ్ళ కోటు, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏమ్మా లినెడ్, మీ వాళ్ళు నిన్న మా ఇంటికి విందుకొచ్చారు. పిలవకుండానే వచ్చారు సరే, తిన్నాక థాంక్స్ అయినా చెప్పలేదు."

"తప్పయిపోయిందండీ. కొత్తవి కదా, కొంచెం ఓపిక పట్టండి."

"నేను ఓపిక పడతానమ్మా. చలికాలంలో ఆ టర్నిప్పులు తినాల్సిన నా ఆవులు పట్టొద్దూ?"

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. జూన్‌లో కొండ సొంతదారుల మనిషి క్రౌథర్ వచ్చాడు. వంటింట్లో కూర్చుని అమ్మ పెట్టిన టీ తాగి, చల్లగా విషయం చెప్పాడు. మేత ఒప్పందం మిఖాయేలు పండగతో ముగుస్తుంది. ఆ రోజు తను వచ్చి కట్ట దగ్గర కూర్చుంటాడు. మనిషీ కుక్కా కాపలా లేకుండా మంద ఇవతలే ఉంటే ఒప్పందం మళ్ళీ రాస్తాడు. దాటితే లేదు.

"కొండ లేకపోతే ఇంటి చుట్టూ ఉన్న ఆ నాలుగు చెక్కల్లో తొంభై గొర్రెలు ఏం తింటాయయ్యా, మా కర్టెన్లా?" అంది అమ్మ.

"నేనేం చెయ్యనమ్మా? పొరుగావిడ నష్టం కూడా చూడాలిగా," అన్నాడు అతను. నాన్న కప్పులో చక్కెర కలుపుతూనే ఉన్నాడు. ఆయన టీలో చక్కెర వేసుకోడు.

కొండ పోతే మంద పోతుంది. మంద పోతే హావోద్‌లో మిగిలేది ఇల్లూ, ఆ వంటింట్లో కూర్చున్న నాన్నా. అలా ఆయన్ని చూడాల్సి వస్తుందన్న భయంతోనే నేను ఆ వేసవంతా కట్ట మీద నడిచాను. పొద్దున్నే రొట్టె, జున్ను సంచిలో వేసుకుని ఎక్కడం, ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి. ఇక్కడ ఒక దాన్ని వెనక్కి పిలిస్తే అక్కడ ఇంకొకటి ఎక్కేది. "దెరె, దెరె," అని రా రమ్మని పిలిచీ పిలిచీ నా గొంతు కాకి గొంతయింది. జూలై వానలు మొదలయ్యాక అదీ పోయింది. సాయంత్రాలు కట్ట మీద కూర్చుని పడమటికి చూసేదాన్ని. అక్కడి నుంచి సముద్రం కనిపించదని తెలుసు. అయినా చూసేదాన్ని. గెథిన్ ఉత్తరాలు రాసేవాడు, మూడు ఇళ్ళు చూశాననీ, ఒకదానికి నీలం తలుపులున్నాయనీ. చదువుతుంటే వాడి మీద ప్రాణం లాగేసేది. తలెత్తేసరికి నాలుగు గొర్రెలు కందకంలో ఉండేవి.

ఒకరోజు స్వాన్‌కాట్ గారు ఫ్లాస్కులో టీ తెచ్చి నా పక్కన చతికిలబడింది.

"మీ నాన్న పాత మంద ఉండేది చూడు, అవి మా వైపు కన్నెత్తి చూసేవి కావమ్మా. ఇక్కడ కింద బారుగా పడుకుని నెమరేసేవి, పొగరుబోతులు. నేను చేలో కలుపు తీస్తుంటే మహారాణుల్లా చూసేవి. ఇప్పుడా పొగరు లేక నాకే ఏదోలా ఉంది."

నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచుకోవాలి, బాగానే ఏడ్చాను. ఆవిడ వీపు మీద రెండు దెబ్బలు వేసింది, మా వైపు ఓదార్పంటే అదే.

"ఒక్కటీ మిగల్లేదా ఎక్కడా?"

"ఎలా మిగుల్తాయండీ? మందంతా..." అంటూ ఆగిపోయాను. మందంతా పోయింది నిజమే. కానీ మా కొండల్లో ఒక పద్ధతుంది. నాలుగు ఈతలు ఈని పళ్ళు అరిగిన గొర్రెల్ని ఏటా శరత్కాలంలో కిందకి అమ్మేస్తాం. పల్లంలో గడ్డి మెత్తన, అక్కడ ఇంకో రెండేళ్ళు బతికేస్తాయి. జబ్బు వచ్చే ముందు ఏడు అలా ముప్పై గొర్రెలు హెరిఫర్డ్ వైపు హెస్టర్ ప్రీస్ అనే ఆవిడకి వెళ్ళాయి.

ఆ సాయంత్రం బంగాళాదుంపలు తరుగుతున్న అమ్మ చెవిలో వేశాను. అమ్మ కత్తి ఆపింది.

"మీ నాన్నకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. చస్తే ఒప్పుకోడు."

ఒప్పుకోడని నాకూ తెలుసు. అమ్మిన ముసలి గొర్రె మళ్ళీ అదే గేటు లోపలికి రావడమంటే మా వైపు అంత తలవంపు మరొకటి లేదు. సంతలో ఎవరైనా తోక ముడిస్తే, "వాడు అమ్మిన గొర్రెల్ని కొనుక్కుంటున్నాడ్రా," అని నవ్వుతారు. నాన్న కూడా అలా నవ్విన వాడే.

అమ్మ దుంపల గిన్నె పక్కన పెట్టేసి కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టింది. "రేపు కట్ట మీద నేను నడుస్తా. నువ్వు పోయిరా. ఆవిడ వినకపోతే నా పేరు చెప్పు. అప్పటికీ వినకపోతే ఏడువు."

హెస్టర్ ప్రీస్ పొలం బల్లపరుపుగా ఉంది, ఆపిల్ తోటలు, ఎర్రమట్టి. ఆవిడ సన్నగా, పొడుగ్గా, మాట పొదుపుగా ఉంది. నేను చెప్పింది విని ఒక పొలంలోకి తీసుకెళ్ళింది.

"ముప్పైలో పదకొండున్నాయి. పళ్ళు చూస్తే నవ్వుతావు. అయినా వీటి తెలివి నాకర్థం కాదమ్మాయ్. ఇంత పొలం ఉందా, ఎప్పుడూ ఆ మూల చిత్తడిలోనే పడుకుంటాయి. పొడి చోటికి తోలితే గంటలో మళ్ళీ అక్కడే."

నేను ఆ మూలకేసి చూశాను. గట్టు మీంచి దూరంగా, మబ్బు కింద, ఒక నీలం గీతలాగా మా కొండ వెన్ను కనిపిస్తోంది. ఆ పొలంలో అది కనిపించేది ఆ మూల నుంచి మాత్రమే. అమ్మ చెప్పిన ఆఖరి ఉపాయం నేను వాడాల్సిన పని లేకుండానే నాకు కళ్ళు నిండాయి.

హెస్టర్ ప్రీస్ కాసేపు కొండకేసి, కాసేపు గొర్రెలకేసి చూసింది. "అదా సంగతి," అంది. "తీసుకుపో తల్లీ. రెండేళ్ళ బట్టీ వీటిని మొద్దులని తిడుతున్నాను."

గొర్రెల్ని కదపడానికి అనుమతి కాగితాలు రావడానికి రెండు వారాలు పట్టింది. ఆగస్టు నడిమధ్యలో ఒక పొద్దున ట్రైలర్ మా వాకిట్లో ఆగింది. నాన్న గుమ్మంలోకి వచ్చాడు. పదకొండు ముసలివి దిగాయి. ఉన్ని ఊడి, మోకాళ్ళు వంగి, చెవుల మీద మా పాత కోత గుర్తుతో.

"ఇవెక్కడివి?" అన్నాడు. గుర్తుపట్టాడు. గొంతులోనే తెలిసిపోయింది.

"కింద నుంచి తెచ్చాను నాన్నా."

"ఎవరినడిగి?" ముఖం ఎర్రబడింది. "ఊళ్ళో తలెత్తుకోనివ్వవా నన్ను? టెగ్విన్ హావోద్ అమ్ముకున్న గొర్రెల్ని తెచ్చుకున్నాడని సంతలో ఆడిపోసుకోవాలా? ఎక్కించు. మళ్ళీ ఎక్కించు బండిలో."

"నువ్వు సంతకి వెళ్ళి ఏడాదిన్నరయింది," అంది అమ్మ వెనక నుంచి. "అక్కడ ఎవరేమనుకుంటున్నారో నీకెలా తెలుసు? కట్ట మీద నీ కూతురి కాళ్ళు అరిగిపోతున్నాయి, అది తెలుసా నీకు? పరువట పరువు! ఆ పరువుని కాస్త కొండెక్కించి గొర్రెల్ని కాయమను చూద్దాం."

 ఈలోగా నేను వెనక గేటు తీసేశాను.

ఎవరూ తోలలేదు. మోట్‌ని కూడా కట్టేసే ఉంచాం. ముందున్న ముసలిది ఒకసారి గాలి వాసన చూసి, గేటు దాటి, ఇంటి వెనక బాట పట్టింది. తక్కినవి దాని వెనక. ఎక్కడా మేయలేదు, ఎక్కడా ఆగలేదు. నేను వెనకే వెళ్ళాను. సగం దూరం పోయాక వెనక్కి చూస్తే, చేతికర్ర ఊతతో మోకాళ్ళు పట్టుకుంటూ నాన్న వస్తున్నాడు.

పైకి చేరాక అవి వెన్నుబాట మీదుగా తూర్పుకి నడిచాయి. కొత్త మంద తలలెత్తి చూసింది. ముసలివి వాటిని పట్టించుకోలేదు. కట్ట ఇంకా పది గజాలుందనగా ముందున్నది ఆగింది. కట్టకేసి చూడను కూడా చూడలేదు. ఎడమకు తిరిగి, కట్ట నీడలో ఒక పల్లం ఉంటే అందులో ముందు కాళ్ళు మడిచి పడుకుంది. పదకొండూ వరసగా పడుకున్నాయి, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నట్టు. నడుమ నడుమ ఖాళీలు వదిలాయి. పోయిన వాటి చోట్లవి.

నాన్న ఆ ఖాళీల్లో ఒక దాంట్లో కూర్చుండిపోయాడు. 

"వీటిని పళ్ళు పోయాయని నేనే పంపేశాను, లినెడ్," అన్నాడు ఎగశ్వాస తగ్గాక. "మిగతా వాటిని దగ్గరుంచుకున్నాను. మంచివని ఉంచుకున్నాను." ఆయన చెయ్యి ముసలిదాని మెడ మీద ఉంది. "నాకు అవన్నీ కావాలే. నాకు ఇంకేమీ వద్దు. అవన్నీ కావాలి."

నేను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాం.

ఆ రోజు నుంచి నాన్న కొండెక్కాడు కానీ, కొత్త వాటి జోలికి పోలేదు. ముసలి వాటి దగ్గరే కూర్చునేవాడు. తొంభైని కాయడం నా వంతే. మామూలుగా ఆగస్టులో తల్లుల్నీ పిల్లల్నీ విడదీస్తాం. ఆ ఏడు ఆడ గొర్రెపిల్లల్ని విడదీయొద్దని నేను పట్టుబట్టాను. పెద్ద గొర్రెలు మొండివి, వాటికి పల్లం అలవాటు. పిల్లలు మాత్రం ఊరికే ముసలివాటి చుట్టూ మూగేవి. వాటి పక్కనే పడుకునేవి. అవి తిరిగిన చోటల్లా తిరిగేవి. తల్లులు మాత్రం రోజుకు రెండు మూడు సార్లు కట్ట ఎక్కుతూనే ఉన్నాయి. సెప్టెంబరు మూడో వారానికి ఇక లాభం లేదనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, లాభం లేకపోతే నేను నీలం తలుపుల ఇంటికి వెళ్ళిపోవచ్చనీ అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. మళ్ళీ అనుకున్నాను.

మిఖాయేలు పండగ రోజు ఎండ కాసింది. క్రౌథర్ పొద్దున తొమ్మిదికి మడత కుర్చీ తెచ్చుకుని కట్ట దక్షిణపు కొసన కూర్చున్నాడు. అవతల తన చేలో స్వాన్‌కాట్ గారు. నాన్నా నేనూ మోట్‌ని పట్టుకుని చాలా దూరంలో, నోరు కుట్టేసుకుని. పన్నెండయింది, రెండయింది. ఒక్కటీ కదల్లేదు. 

మూడు దాటాక ఒక పెద్ద గొర్రె లేచి తిన్నగా కట్ట ఎక్కింది. పైన నిలబడి టర్నిప్ ఆకుల్ని చూసింది. దాని వెనక ఇంకో ఆరో ఏడో కట్ట మొదటికి చేరాయి. క్రౌథర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. నా నోట్లో ఈల వచ్చేసింది. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

గొర్రె రెండడుగులు అవతలికి దిగింది. దిగి వెనక్కి తిరిగి అరిచింది. దాని పిల్ల కట్ట కింద ఇవతలే నిలబడి ఉంది. తల్లి అరిచింది, పిల్ల అరిచింది, కానీ కదల్లేదు. తల్లి మళ్ళీ అరిచింది. పిల్ల ఒకసారి తల్లిని చూసి, గిరుక్కున తిరిగి, మేసుకుంటూ పోతున్న ముసలిదాని వెనక వెళ్ళిపోయింది.

తల్లి చాలాసేపు కట్ట మీద అటూ ఇటూ కాకుండా నిలబడింది. ఇక ఏమనుకుందో, అరుచుకుంటూ దిగివచ్చి పిల్ల వెనక పరిగెత్తింది. కింద నిలబడిన ఆరూ ఏడూ కూడా మెల్లిగా మళ్ళాయి.

అయిదింటికి క్రౌథర్ కుర్చీ మడిచాడు. "ఎథెల్ గారూ, మీరేమంటారు?" అని అవతలికి కేకేశాడు.

"నేననేదేముంది? పొగరు మళ్ళీ వచ్చింది వీటికి!" అని ఆవిడ అరిచి, చెంగున కాకపోయినా తన వయసుకు తగ్గ వేగంతో ఇంటికి వెళ్ళిపోయింది.

క్రౌథర్ కట్ట మీదే కాగితం పరిచి, కలం మూత తీశాడు. "పాత పేరే కదా టెగ్విన్? ఏడేళ్ళకి."

"కాదు," అన్నాడు నాన్న. "లినెడ్ అని రాయండి."

నేను ఉలిక్కిపడ్డాను. "నాన్నా, అదేంటి? నేను సోమవారం..."

"తెలుసే." ఆయన నాకేసి చూడలేదు, మంద కేసి చూశాడు. "నేను పిలిస్తే వీటిలో ఒక్కటి తలెత్తదు. నేను పిలవనే లేదుగా ఇన్నాళ్ళూ. నా గొర్రెలు ఆ పదకొండే. ఈ తొంభైకి తెలిసిన గొంతు నీదొక్కటే. నువ్వు వద్దంటే చెప్పు, కాగితం ఇప్పుడే చింపేస్తారు. నేనేమీ అనను. ఒట్టు."

నిజంగానే ఏమీ అనేవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. ఆ మాట అబద్ధమేమో చూద్దామని, బొంగురు గొంతుతో మెల్లిగా, "దెరె," అన్నాను. అరవకుండానే అన్నాను. కొండ ఇవతలంతా తొంభై నల్ల ముక్కులు ఒక్కసారిగా పైకి లేచి నా వైపు తిరిగాయి.

కలం తీసుకుని సంతకం చేశాను. గెథిన్‌కి ఉత్తరం మొదలుపెట్టడానికి మాత్రం నాకు తొమ్మిది రోజులు పట్టింది.